దస్తూరీ

మా ఊళ్లో దస్తూరీ అంటే చేతిరాత. "ఈడి దస్తూరీ చూడండ్రా, ముత్యాలు" అని మాస్టారు నా పలక ఎత్తి తరగతికంతా చూపించిన రోజు నేను ఇంటికి పరుగున వచ్చి మా నాన్నకి చెప్పాను. ఆయన అప్పుడు సెలవు మీద వచ్చి ఉన్నాడు. బెంగాల్లో, హుగ్లీ నది ఒడ్డున టిటాగఢ్‌లో జ్యూట్ మిల్లు కార్మికుడు. నా మాట విని పెద్దగా నవ్వాడు. "మా కాడ దస్తూరీ అంటే అది కాదురా. సర్దారు చేతిలో పెట్టేది" అన్నాడు.

అరవై ఏళ్లు దాటాయి ఆ మాట విని. కొన్ని నెలల క్రితం ఒక రాత్రి పదింటికి హైదరాబాదు నుంచి మా మేనల్లుడు ఫోన్ చేసినప్పుడు అది మళ్లీ గుర్తొచ్చింది. వాడికి రెండు కంపెనీల నుంచి ఆఫర్ లెటర్లు వచ్చాయి. ఒకటి వాడే దరఖాస్తు పెట్టుకుంటే వచ్చింది. రెండోది పాత కంపెనీలో పక్క సీట్లో కూర్చున్న కుర్రాడు రిఫర్ చేస్తే వచ్చింది.

"నేను చేరి తొంభై రోజులుంటే వాడికి యాభై వేలు ఇస్తారంట మావయ్యా."

"ఎవరిస్తారు? నువ్వా?"

"నేనెందుకిస్తాను! కంపెనీ ఇస్తుంది."

కాసేపు నాకు మాట రాలేదు. ముప్పై మూడేళ్లు ఒక జ్యూట్ మిల్లులో లేబర్ వెల్ఫేర్ ఆఫీసరుగా చేసినవాణ్ణి. మనిషిని పనికి తెచ్చినవాడికి డబ్బు ముట్టడం నాకు కొత్త కాదు, మా ఇంట్లో మూడు తరాలుగా ఉన్నదే. ఆ డబ్బు ఇచ్చే చెయ్యి మారింది. ఎప్పుడు మారింది, ఎలా మారింది అని ఆ రాత్రి నిద్ర పట్టక ఆలోచించినవే ఈ కాగితాలు.

మా తాత రంగం వెళ్లాడు. రంగూన్‌ని శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల్లో అలాగే అంటారు. వంశధార సముద్రంలో కలిసే చోట కళింగపట్నం రేవు. అక్కడినుంచి, భీమిలి, విశాఖ, కాకినాడల నుంచి బ్రిటిష్ ఇండియా కంపెనీ పొగ ఓడలు బంగాళాఖాతం దాటించేవి. బర్మావాళ్లు మనవాళ్లని కొరంగీలు అనేవారు. గోదావరి ముఖాన కోరంగి రేవు పేరు అది. ఒక రేవు పేరు ఒక జాతి పేరైపోయిందంటే ఎంతమంది వెళ్లి ఉంటారో లెక్క వేసుకోవచ్చు.

వెళ్లడం అంటే ఎవరికి వారు టిక్కెట్టు కొనుక్కుని వెళ్లడం కాదు. మేస్త్రీ తీసుకెళ్లాలి. మేస్త్రీ పరాయివాడు కాదు, పక్క ఊరివాడు. ఒకప్పుడు తనూ కూలీగా వెళ్లినవాడే. పంట పోయిన ఏడు, చెల్లెలి పెళ్లి కుదిరిన ఏడు చూసుకుని వచ్చేవాడు. ఇంట్లోవాళ్ల చేతిలో కొంత అడ్వాన్సు పెట్టి, ఓడ ఛార్జీ తనే కట్టి, పాతిక ముప్పై మందిని జట్టుగా కట్టి తీసుకెళ్లేవాడు. రంగంలో ధాన్యం మిల్లులకి కోతల తర్వాత నాలుగైదు నెలలు ఊపిరాడని పని. రేవులో బస్తాల మోత ఏడాది పొడుగునా. మిల్లు దొర కూలీని ఎరగడు. దొర కంట్రాక్టరుకి ఇస్తాడు, కంట్రాక్టరు పెద్ద మేస్త్రీకి, పెద్ద మేస్త్రీ జట్టు మేస్త్రీకి. దిగుతూ దిగుతూ ప్రతి చేతిలోనూ కొంత అంటుకుని, మిగిలింది కూలీకి. అందులోంచి మళ్లీ అడ్వాన్సు, వడ్డీ, బియ్యం బాకీ, బస ఖర్చు. అక్కడ వలస కార్మికుల వ్యవహారాలు చూసిన ఇ.జె.ఎల్. ఆండ్రూ అనే అధికారి 1933లో రంగూన్‌లోని భారతీయ కూలీల మీద పుస్తకమే రాశాడు.

మా తాతకి అది చదివే అవసరం లేదు. "మేస్త్రీ లెక్క చింతచెట్టు చిగురు, కోసినకొద్దీ వస్తాది" అనేవాడు.

పని నచ్చకపోతే మానెయ్యచ్చు కదా అని చిన్నప్పుడు అడిగాను. అడ్వాన్సు తీసుకున్న పనివాడు మధ్యలో వదిలేస్తే జైలుకి పంపే చట్టం ఒకటి 1859లో చేశారు. 1920ల మధ్య దాకా అది చెల్లుబాటులోనే ఉంది. అంటే సిఫారసు చేసినవాడి బాకీ తీర్చకపోవడం నేరం. మా తాత పని చేసిన మొదటి రోజుల్లో పరిస్థితి అది.

అయినా ఆయన మేస్త్రీని తిట్టగా నేను వినలేదు. జ్వరం వస్తే గంజి కాచి పోసింది మేస్త్రీయే. ఊరికి ఉత్తరం రాయించింది, జట్టులో ఒకడు చచ్చిపోతే దహనం చేయించి వాడి చెవిపోగు తెచ్చి తల్లికిచ్చింది మేస్త్రీయే. కంపెనీ అనేది ఒకటుందని, అది తనకేమైనా బాకీ ఉందని మా తాతకి తట్టనే లేదు. నిజానికి కంపెనీ కాగితాల్లో ఆయన పేరు ఎక్కడా ఉండి ఉండదు. జట్టు ఉంటుంది, తలల లెక్క ఉంటుంది.

1930 మే నెలలో రంగం రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని పని ఆపేశారు. వాళ్ల స్థానంలో బర్మా కూలీలను పెట్టారు. తర్వాత రాజీ కుదిరి మనవాళ్లు పనికి తిరిగొస్తే, కొత్తగా వచ్చినవాళ్లను పొమ్మన్నారు. ఆ రోజు రేవులో మొదలైన కొట్లాట ఊరంతా పాకింది. మా తాత రెండు రోజులు బియ్యం గోదాములో బస్తాల వెనక దాక్కున్నాడట. మరుసటి ఏడు తిరిగొచ్చేశాడు, మళ్లీ వెళ్లలేదు. ఆయన జట్టులో ఉండిపోయినవాళ్లు జపాన్ బాంబులు పడ్డాక 1942లో కొండలు, అడవులు పడి నడిచి వచ్చారు. అందరూ రాలేదు. 1960ల్లో బర్మా నుంచి మరోసారి వచ్చినవాళ్లలో కొందరు విశాఖ కంచరపాలెం దగ్గర స్థిరపడ్డారు. ఇప్పటికీ ఆ పేట పేరు బర్మా క్యాంపే.

తాత రంగం మానేస్తే నాన్న టిటాగఢ్ వెళ్లాడు. కలకత్తా చుట్టుపక్కల జ్యూట్ మిల్లుల్లో మన ఉత్తరాంధ్రవాళ్లు, గంజాంవాళ్లు అప్పటికే వేలమంది. బెంగాలీలు అందరినీ కలిపి మద్రాసీలు అనేవారు. అక్కడ మేస్త్రీకి బదులు సర్దారు. బొంబాయి బట్టల మిల్లుల్లో అయితే జాబరు, ముకద్దం. పేరు ఏదైనా పని ఒక్కటే. మనిషిని తెచ్చేది అతనే, మగ్గం దగ్గర నిలబెట్టేది, పని నేర్పేది, తీసేసేది అతనే. అందుకు దస్తూరీ. చేరేటప్పుడు ఒకసారి, తర్వాత జీతం రోజున కొంచెం కొంచెం. సెలవు మీద ఊరొచ్చి తిరిగి వెళ్లినప్పుడు మళ్లీ మొదటినుంచి. మా నాన్న రెండేళ్లకోసారి నెల రోజులు వచ్చేవాడు. వెళ్లేటప్పుడు అమ్మ గాజుల్లో ఒక జత ఆయన పెట్టెలో వెళ్లిపోయేది. దస్తూరీ అన్న మాటకి నాకు తెలిసిన రెండో అర్థం అదే. పండక్కి పెట్టుకోవాల్సిన గాజులు లేని అమ్మ చేతులు.

ఇప్పుడు నా ఉద్యోగం పుట్టుక గురించి కొంచెం చెప్పుకోవాలి. 1929లో ప్రభుత్వం జె.హెచ్. విట్లీ అధ్యక్షతన కార్మికుల మీద ఒక రాయల్ కమిషన్ వేసింది. వాళ్లు దేశమంతా తిరిగి 1931లో నివేదిక ఇచ్చారు. మేం ఆంధ్రా యూనివర్సిటీలో సోషల్ వర్క్ చదివేటప్పుడు అందులో కొన్ని అధ్యాయాలు చదవాల్సి వచ్చేది. జాబరు చేతిలోంచి మనిషిని పెట్టే అధికారం, తీసే అధికారం లాగేయాలి, దానికి మిల్లుల్లో లేబర్ ఆఫీసర్లను పెట్టాలి అన్నది అందులో ముఖ్యమైన సలహా. ఆ ఆఫీసరు నిజాయితీపరుడై ఉండాలి, కార్మికుల భాష తెలిసినవాడై ఉండాలి. సలహా కాగితం మీద చాలాకాలం ఉండిపోయింది. బెంగాల్ జ్యూట్ మిల్లుల్లో 1937లో పెద్ద సమ్మె జరిగాక గాని అక్కడి యజమానులకి చెవికెక్కలేదు. 1948 ఫ్యాక్టరీల చట్టం 49వ సెక్షన్ అయితే, 500 మంది అంతకు మించి పనిచేసే ప్రతి కర్మాగారంలోనూ వెల్ఫేర్ ఆఫీసరు ఉండి తీరాలంది.

అలా సిఫారసుని తుడిచిపెట్టడానికి పుట్టిన కుర్చీలో నేను 1980లో కూర్చున్నాను. సిఫారసు మీదే కూర్చున్నాను. దాచడమెందుకు? నా క్లాసుమేటు నాన్న ఆ మిల్లులో క్యాషియరు. మేనేజరు చెవిలో ఒక మాట వేశాడు. ఇంటర్వ్యూ మూడు నిమిషాలు. "మీ నాన్న టిటాగఢ్‌లో చేసేవాడటగా?" అన్నది ఒక ప్రశ్న. రెండోది గుర్తులేదు.

మిల్లు పేరు వద్దు. గోగునార సంచులు నేసే మిల్లు, మూడు షిఫ్టులు, కూత వేస్తే చుట్టుపక్కల నాలుగు ఊళ్లు లేచేవి. గేటు దగ్గర తెల్లవారుజామున ఐదున్నరకి బదిలీ కార్మికులు నిలబడేవారు. పర్మినెంటువాడు రాకపోతే ఆ చోట ఒక్క రోజుకి పెట్టేది వీళ్లనే. ఎవరిని పిలవాలో రిజిస్టరు ప్రకారం పిలవాలి. ఆ రిజిస్టరు నా దగ్గర ఉండేది. నా దగ్గర ఉందని నేననుకునేవాణ్ణి.

1984లో ఒక పెద్దావిడ నా గదికి వచ్చి చాప మీద కూర్చున్నట్టు నేల మీద కూర్చుంది. "బాబూ, ఆరొందలు అట్టుకెళ్లాడు. మా గుంటడికి ఎనిమిది దినాలే పని చూపించాడు" అంది. తీసుకున్నవాడు స్పిన్నింగ్‌లో సర్దారు. అప్పటికి ఆ పేరు తీసేసి లైన్ సర్దార్ అని, తర్వాత సూపర్‌వైజర్ అని ఏదో పెట్టారుగాని మనిషి అదే. నేను కుర్రాణ్ణి, విట్లీ కమిషన్ బుర్రలో ఉన్నవాణ్ణి. మూడు పేజీల రిపోర్టు రాశాను. సర్దార్ని సస్పెండ్ చేశారు. ఆవిడ డబ్బు తిరిగొచ్చింది.

తర్వాత నెలలో స్పిన్నింగ్ సెక్షనులో గైర్హాజరీ విపరీతంగా పెరిగింది. ఫ్రేములు ఖాళీగా నిలబడ్డాయి. కారణం కనుక్కోడానికి నేనే ఊళ్లు తిరిగాను. ఎవడు ముందురోజు రాత్రి తాగాడో, ఎవడి పెళ్లాం పురిటికి వెళ్లిందో, ఎవడికి కోతల రోజుల్లో సొంత చేను పిలుస్తుందో సర్దారుకి తెలుసు. తెల్లారగట్ల నాలుగింటికి కర్ర పట్టుకుని తలుపులు కొట్టేవాడు. కిరాణా కొట్లో వాళ్ల ఖాతాలకి పూచీ అతనే. మేనేజర్లు నన్ను పిలిచి ఏమీ అనలేదు. అతన్ని వార్నింగ్ లెటరుతో వెనక్కి తెచ్చుకున్నారు. అతను నా గదికొచ్చి, "ఆఫీసరు బాబూ, తమరు రాసింది తప్పు కాదు. కానీ తమరు తలుపులు కొట్టగలరా?" అని అడిగాడు. ఆ ప్రశ్నకి నా చదువులో సమాధానం లేదు.

మరైతే సర్దారు పట్టు ఎలా సడలింది? నేను చూసినంతలో, రిపోర్టులు దాన్ని సడలించలేదు. చట్టం వల్ల కంపెనీ నేరుగా కార్మికుడికి బాకీ పడటం మొదలయ్యాకే సడలింది. ఇది నా అభిప్రాయం. లేబర్ ఆఫీసుల్లో చాలామంది మిత్రులు ఒప్పుకోరు, యూనియన్ల వల్ల అంటారు. యూనియన్ల పాత్ర లేదనను. కానీ మా మిల్లులో నేను కళ్లారా చూసిన మార్పు ప్రావిడెంట్ ఫండు (పీఎఫ్) స్లిప్పుతో వచ్చింది.

క్రమం చూడండి. 1923లో పని ప్రమాదాలకి నష్టపరిహారం చట్టం వచ్చింది. చెయ్యి తెగితే ఇప్పుడు జవాబు చెప్పాల్సింది మేస్త్రీ కాదు, యజమాని. 1936లో వేతన చెల్లింపు చట్టం వచ్చి జీతంలోంచి ఎడాపెడా కోతలు కుదరవంది. 1948లో కార్మికుల వైద్య బీమాకి ఈఎస్ఐ చట్టం. మొదట నెలకి 400 రూపాయల లోపు జీతగాళ్లకే. 1952 ఫిబ్రవరిలో కాన్పూరులో, ఢిల్లీలో అది అమల్లోకి వచ్చింది. అదే ఏడాది ప్రావిడెంట్ ఫండు చట్టం వచ్చింది. మొదట ఆరు పరిశ్రమలకే. సిమెంటు, సిగరెట్లు, ఇంజనీరింగ్ సరుకులు, ఇనుము ఉక్కు, కాగితం, బట్టలు. జీతంలో ఆరుంపావు శాతం కార్మికుడిది, అంతే యజమానిది. 1965లో బోనస్, 1972లో గ్రాట్యుటీ.

మా నాన్న పేరు మొదటిసారి ఒక కంపెనీ కాగితం మీద ఇంటిపేరుతో సహా అచ్చయింది టిటాగఢ్ పీఎఫ్ స్లిప్పులో. ఇంగ్లీషులో స్పెల్లింగు తప్పు. ఆ తప్పు దిద్దించుకోడానికి 1974లో ఆయనకి ఎనిమిది నెలలు పట్టింది. అయినా దాన్ని గాజు పటం కట్టించి దేవుడి గూట్లో పెట్టాలన్నంత పని చేశాడు. తాతకి లేనిది తనకి ఉంది. సర్దారు రేపు చచ్చిపోయినా ఆ డబ్బు తనది.

సంబంధాలు కుదిర్చే పెద్దలకి ఈ సంగతి ముందే తెలిసిపోయింది. మా అమ్మ తరపువాళ్లు బెంగాల్ నాగపూర్ రైల్వేలో, ఖరగ్‌పూర్ కార్ఖానాలో. ఖరగ్‌పూర్ వీధుల్లో తెలుగు వినపడటం వింతేమీ కాదు. బరంపురంలో పుట్టి తర్వాత రాష్ట్రపతి అయిన వి.వి. గిరి కార్మిక నాయకుడిగా ఎదిగింది ఆ రైల్వేలోనే. ఆ ఇళ్లల్లో పిల్లనిచ్చేటప్పుడు జీతం ఎంతని మూడోసారో నాలుగోసారో గాని అడిగేవారు కాదు. క్వార్టరుందా? పాసుందా? ఆస్పత్రుందా? ఇవీ ప్రశ్నలు. రైలు పాసు అంటే ఏడాదికోసారి పుట్టిల్లు చూడటం. ఆస్పత్రి అంటే పురుడు. మా పెద్దమ్మ ముగ్గురు పిల్లల్ని రైల్వే ఆస్పత్రిలో కని, ఇంట్లో కన్నవాళ్లని జాలిగా చూసేది. ఇప్పుడు హెచ్‌ఆర్‌వాళ్లు బెనిఫిట్స్ అని పదహారు పేజీల బొమ్మల పుస్తకం పంపుతారు. మా పెద్దమ్మ ఆ మూడు ప్రశ్నలతో దాన్ని తేల్చేసేది.

క్వార్టరు, పాసు కంటే పెద్ద సదుపాయం ఇంకోటుంది. తన కొడుక్కి ఉద్యోగం. సింగరేణి బొగ్గు గనుల్లో అలవెన్సులు, బొగ్గు, బోనస్ అన్నీ ఒక ఎత్తు, వారసత్వ ఉద్యోగం ఒక్కటీ ఒక ఎత్తు అని గోదావరిఖనిలో ఉద్యోగం చేసిన నా మిత్రుడొకడు అనేవాడు. అక్కడ తండ్రే కొడుక్కి సిఫారసు. రాజ్యాంగం మాత్రం దీన్ని ఒప్పుకోదు. దానికి తొలి పెద్ద పాఠం మన గుంటూరు జిల్లా నుంచే వెళ్లింది. గాజుల దశరథ రామారావు అనే ఆయన గ్రామ మునసబు పదవి వంశపారంపర్యంగా ఇవ్వడం చెల్లదని సుప్రీంకోర్టుకెక్కి గెలిచాడు. 1960 డిసెంబరు తీర్పు. పుట్టుక చూసి ప్రభుత్వ కొలువు ఇవ్వకూడదని. మునసబులు, కరణాలు మాత్రం 1984లో ఎన్‌.టి. రామారావు రద్దు చేసేదాకా నడిచారు. సింగరేణి వారసత్వ పథకాన్ని 2017లో హైకోర్టు కొట్టేసినప్పుడు నా మిత్రుడు ఫోన్ చేసి, "మునసబు గ్రామాన్ని ఏలాడు, మావాళ్లు బావిలోకి దిగారు. రెండూ ఒకటేనా?" అన్నాడు. చట్టానికి ఒకటే అన్నాను. వాడు ఫోన్ పెట్టేశాడు. ఆ తర్వాత అనారోగ్యంతో పనికి పనికిరాకుండా పోయినవాళ్ల పిల్లలకి కారుణ్య నియామకాల దారి తెరిచారు. విశాఖ ఉక్కులో అయితే ఇంకో రకం. భూములు పోయినవాళ్లకి ఉద్యోగం ఆశ చూపి ఆర్ కార్డు, అంటే పునరావాస కార్డు, ఇచ్చారు. కార్డు చేతిలో పట్టుకుని ముసలైపోయినవాళ్లు గాజువాక చుట్టుపక్కల నాకు తెలుసు.

సిఫారసు లేనివాడికి ప్రభుత్వం కట్టిన దారి ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజి. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక ఇంటికొచ్చిన సైనికులకి పనులు వెతకడానికి 1945లో మొదలైంది. 1959లో ఖాళీలు తప్పకుండా దానికి తెలియజేయాలని చట్టం చేశారు. మూడేళ్లకోసారి కార్డు రెన్యువల్‌కి శ్రీకాకుళం బస్సెక్కేవాళ్లం. మా మిల్లు కూడా ఖాళీలు తెలియజేసేది. వాళ్లు జాబితా పంపేవారు, మేం ఇంటర్వ్యూలు చేసేవాళ్లం. చేరేది మాత్రం ఎక్కువగా గేటు దగ్గర అప్పటికే నిలబడి ఉన్న బదిలీవాడే. జాబితాలో పేరున్నవాడికి మా మిల్లులో ఎవరూ తెలియదు. అతని తలుపు కొట్టేవాడు లేడు.

ఇక్కడ నా సొంత కథ ఒకటి చెప్పాలి. 1988లో నా బావమరిదిని స్టోర్సులో క్లర్కుగా పెట్టించాను. దస్తూరీ తీసుకోలేదు, ఎవరికీ ఇవ్వలేదు. ఒక్క మాట సాయం. వాడు ఏడాది నిండేసరికి ఉద్యోగుల సహకార సంఘంలో ఆరువేలు అప్పు తీసుకున్నాడు. జామీను సంతకం నాది. మరో ఆరు నెలలకి చెప్పాపెట్టకుండా ఎటో పోయాడు. నా జీతం స్లిప్పులో 'సొసైటీ జామీను' అనే గడిలో నెలకి 250 రూపాయల చొప్పున రెండేళ్లు కోత పడింది, వడ్డీ వేరే. నేను రిపోర్టు రాసి సస్పెండ్ చేయించిన ఆ సర్దారు ఒకరోజు జీతాల క్యూలో నా వెనక నిలబడి స్లిప్పు చూశాడు. "ఆఫీసరు బాబు దస్తూరీ ఎదురు కడతన్నారు" అన్నాడు. క్యూ అంతా నవ్వింది. నేనూ నవ్వాను. మా ఆవిడ నవ్వలేదు.

1998 నవంబరులో హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ కంపెనీల కోసం కట్టిన సైబర్ టవర్స్‌ని ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించిన నాటికే మా జ్యూట్ మిల్లు రోజులు లెక్కపెట్టుకుంటోంది. ప్లాస్టిక్ సంచి వచ్చేసింది. మా బదిలీవాళ్ల పిల్లలు అమీర్‌పేట గదుల్లో ఆరేసి మంది కలిసుండి కోర్సులు చేశారు. ఆ గదులు చూసినప్పుడు నాకు తాత చెప్పిన రంగం బసలు గుర్తొచ్చాయి. ముందు వెళ్లినవాడు వెనకవాడికి చాప పరుస్తాడు, రెజ్యూమే దిద్దుతాడు, ఇంటర్వ్యూలో ఏమడుగుతారో చెబుతాడు. అమెరికా ప్రయాణాల్లో అయితే మేస్త్రీ అచ్చంగా తిరిగొచ్చాడు. కన్సల్టెన్సీ అన్నారు అంతే. వీసా వాళ్లదే, క్లయింటు ఇచ్చే గంట జీతంలో కోత వాళ్లదే, మధ్యలో మానితే కట్టాల్సిన బాండు వాళ్లదే. అన్ని కన్సల్టెన్సీలూ ఇంతే అనడం లేదు. మా ఊరి కుర్రాడొకడు రెండేళ్లు ఆ లెక్కలు విప్పుకోలేక పడిన అవస్థ నేను ఫోన్లో విన్నాను.

పెద్ద కంపెనీలు మాత్రం ఈ పద్ధతిని తిరగేశాయి. ప్రకటనకి, ఏజెన్సీకి పెట్టే ఖర్చు కంటే లోపలివాడు తెచ్చే మనిషి చవక, నమ్మకస్తుడు, త్వరగా మానడు అని వాళ్ల లెక్క. కాబట్టి దస్తూరీ వాళ్లే ఇస్తారు, జీతంతో కలిపి, పన్ను కోసి, బ్యాంకులో. బొంబాయి జాబరు చాటుగా చేసింది ఇప్పుడు పాలసీ పుస్తకంలో ఒక పేజీ. అమెరికా సామాజికశాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1960ల చివర్లో బోస్టన్ దగ్గర న్యూటన్ ఊళ్లో ఉద్యోగం మారినవాళ్లని అడిగి చూశాడు. సగం కంటే ఎక్కువమందికి తెలిసినవాళ్ల ద్వారానే పని దొరికింది. ఆ తెలిసినవాళ్లలో ఎక్కువమంది దగ్గరి స్నేహితులు కారు, ఎప్పుడో ఒకసారి కనబడే ముఖపరిచయస్తులు. దగ్గరివాడికి తెలిసింది మనకీ తెలిసే ఉంటుందిగా! మా బావమరిది విషయంలో ఆ పరిశోధన నాకు పదేళ్లు ముందు చదివే భాగ్యం కలిగి ఉంటే బాగుండేది.

సరే, మేనల్లుడి ఆఫర్లు. వాడు రెండు సీటీసీలు, అంటే కంపెనీ ఏడాదికి తన మీద పెట్టే మొత్తం ఖర్చు లెక్కలు, చదివి, "తేడా రెండు లక్షలు మావయ్యా, రెండోదే తక్కువ" అన్నాడు. కాగితాలు పంపమన్నాను. కళ్లద్దాలు పెట్టుకుని పాత అలవాటుగా ఎర్రపెన్ను తీశాను.

మొదటి కంపెనీ సీటీసీలో గ్రాట్యుటీ కలిపేసింది. నెలకి 40,000 బేసిక్ మీద పదిహేను రోజుల జీతం, నెలకి 26 పనిరోజుల లెక్కన, ఏడాదికి 23,077. ఐదేళ్లు నిండితే గాని అది చేతికి రాదు. ఏడేళ్లలో మూడు కంపెనీలు మారినవాడు ఐదేళ్లు ఉంటాడా? ఆ అంకె కొట్టేశాను. జాయినింగ్ బోనస్ ఏడాదిలోపు మానితే తిరిగి కట్టాలి. కొట్టేయలేదు గాని చుట్టూ గీత గీశాను. మా తాత చూస్తే అడ్వాన్సు అనేవాడు. వేరియబుల్ అనేది వాళ్ల దయ. పీఎఫ్ ఆ కంపెనీలో 15,000 మీదే లెక్క, నెలకి 1,800. రెండోది పూర్తి బేసిక్ మీద, 4,800. రెండూ సీటీసీలోనే ఉన్నాయి కాబట్టి డబ్బు వాడిదే, కానీ చేతికొస్తే వాడు ఖర్చు పెట్టేస్తాడని నాకు తెలుసు. మొదటిదాంట్లో మెడికల్ ఇన్సూరెన్సు వాడికి, భార్యకి, పిల్లకి. రెండోదాంట్లో తల్లిదండ్రులకి కూడా, పాత జబ్బులకి మొదటిరోజు నుంచీ.

తల్లి అంటే నా చెల్లెలు. పన్నెండేళ్లుగా సుగరు. నిరుడు కాలి వేలు తీసేశారు, ఆ బిల్లు నేనూ వాడూ పంచుకున్నాం.

"మీ అమ్మ ఆస్పత్రి ఉంది రెండోదాంట్లో" అన్నాను. "పెద్దమ్మమ్మ అయితే మిగతాది చదవనే చదవదు."

వాడు కాసేపు ఊరుకుని, "ఆ కుర్రాడికి యాభై వేలు రావడానికి నన్ను అటు తోస్తున్నాడేమోనని అనుమానంగా ఉంది మావయ్యా" అన్నాడు. అనుమానం మంచిదే. ఆ కుర్రాడు జీతం విషయం, మేనేజరు విషయం ఏం చెప్పాడో అడిగాను. మేనేజరు కోపిష్టి, రాత్రి కాల్స్ ఎక్కువ అని ముందే చెప్పాడట. డబ్బు కోసం తోసేవాడు అంత చెప్పడు. చేరమన్నాను.

చేరాడు. తొంభై రోజులయ్యాక ఆ కుర్రాడు ఇద్దరు పిల్లలతో, భార్యతో వీళ్లింటికొచ్చి అందరినీ హోటలుకి తీసుకెళ్లాడు. బిల్లు ఎవరు కట్టాలన్న దానిమీద ఇద్దరూ చాలాసేపు పెనుగులాడారట.

పోయిన వారం మళ్లీ ఫోన్. మా మిల్లులో ఒకప్పుడు బదిలీగా నిలబడినవాడి మనవడు బీటెక్ అయ్యాడు, వీడికి రెజ్యూమే పంపాడు. వీడు పోర్టల్లో పెడుతుంటే ఒక ప్రశ్న దగ్గర ఆగిపోయాడు.

"ఈ అభ్యర్థి మీకెలా తెలుసు అని అడుగుతోంది మావయ్యా. పాత సహోద్యోగి, క్లాసుమేటు, స్నేహితుడు, బంధువు. ఈ నాలుగే ఉన్నాయి."

"ఏది కాదు?"

"ఏదీ కాదు. మన ఊరోడు అన్న గడి లేదు."

స్నేహితుడు అని పెట్టేశాడు.